‘అస్పష్టం’ అన్న ఒక్క మాటతో దరఖాస్తులు తిప్పిపంపే అధికారులకు ఒక అర్జీల లేఖరి బహిరంగ లేఖ

వరంగల్, హనుమకొండ, జనగామ, మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి జిల్లాల్లోనూ, వాటి ఇరుగుపొరుగు జిల్లాల్లోనూ ప్రజల దరఖాస్తులను పరిశీలించే అధికారులకు, వారి కార్యాలయ సిబ్బందికి నమస్కరించి వ్రాయునది.

నేను హనుమకొండలో ఒక ప్రభుత్వ కార్యాలయం గేటు పక్కన, వేపచెట్టు కింద బల్ల వేసుకుని ఇరవై రెండేళ్ళుగా జనానికి అర్జీలు రాసిపెడుతున్నవాణ్ణి. మీ పనిభారం నాకు తెలుసు, మీలో కొందరి చేతుల మీదుగా జరిగిన మేలు కూడా కళ్ళారా చూశాను. ఆ మాటలు ఇక్కడితో ఆపి విషయంలోకి వస్తాను. ఇదే సంగతిని గత ఏడాది రెండుసార్లు సోమవారం ప్రజావాణిలో రాతపూర్వకంగా విన్నవించుకున్నాను. మొదటిదానికి జవాబు రాలేదు. రెండోదానికి ‘తగు చర్య నిమిత్తం సంబంధిత విభాగమునకు పంపడమైనది’ అని ఒక వాక్యం వచ్చింది. ఆ సంబంధిత విభాగం ఏదో కనుక్కుందామని మూడు గదులు తిరిగాను. ఏ గదికి పోయినా పక్క గది చూపించారు. నలుగురూ చదివేలా ఈ లేఖ రాయవలసి వచ్చింది అందుకే.

నా ఫిర్యాదు ఒక మాట గురించి. ఆ మాట ‘అస్పష్టం’.

దరఖాస్తు తిరిగి వచ్చినప్పుడు దాని ఎడమ అంచున ఎర్ర సిరాతోనో, కంప్యూటర్ తెర మీద కారణం అనే గడిలోనో ఈ మాట ఒక్కటే ఉంటుంది. కొన్నిసార్లు ‘వివరాలు అస్పష్టం’ అని రెండు మాటలుంటాయి గానీ, ఏ వివరమో చెప్పనప్పుడు ఆ అదనపు మాట వల్ల ఒరిగేదేమీ లేదు.

పోయిన వానాకాలానికి ముందు ఒక అవ్వ నా బల్ల దగ్గరికి వచ్చింది. డెబ్బై ఏళ్ళు పైబడిన మనిషి. భర్త చనిపోయాక ఆయన పేరున ఉన్న రెండెకరాల పదిహేడు గుంటల భూమిని తన పేరు మీదికి విరాసత్ చేయమని పెట్టుకున్న దరఖాస్తు మూడోసారి తిరిగి వచ్చింది. కాగితాలన్నీ ఎరువుల బస్తా కత్తిరించి కుట్టిన సంచిలో ఉన్నాయి. పై కాగితం మడత విప్పి, ఎర్ర సిరా మీద వేలు పెట్టి అడిగింది.

“గిదేం రాసిండ్రు బిడ్డా?”

“మంచిగ కనబడుతలేదని రాసిండ్రు అవ్వా.”

“ఏం కనబడుతలేదట?”

“అది రాయలే.”

ఆమె కాసేపు ఆ కాగితాన్నే చూసింది. “కనబడకపోతే నన్ను పిలిచి అడగద్దా? నేను గా బెంచీ మీదనే పొద్దంత కూసున్న గద!” అన్నది.

ఆ ప్రశ్నకు జవాబు దొరికేసరికి, మొదటి దరఖాస్తు పెట్టిన నాటినుంచి లెక్కవేస్తే, పద్నాలుగు నెలలు గడిచాయి. చివరికి ఆ కార్యాలయంలో కంప్యూటర్ ముందు కూర్చునే ఒక కుర్రవాడు దయతలచి, దరఖాస్తుకు జతపరిచిన పాత పహాణీ (భూమి వివరాలుండే రెవెన్యూ రికార్డు) జిరాక్స్‌లో ఒకచోట గోరు పెట్టి చూపించాడు. సర్వే నంబరు పక్కన గీత, ఆ గీత తర్వాత ఒక అక్షరం. మన దగ్గర బై నంబర్లను, అంటే ఒక సర్వే నంబరులోని భాగాలను, అ, ఆ, ఇ, ఈ అని వేస్తారని మీకు నేను చెప్పనక్కరలేదు. అకారానికీ ఆకారానికీ మధ్య తేడా కుడి చివరన ఒక చిన్న మెలిక మాత్రమే. జిరాక్స్‌కు జిరాక్స్, దానికి మళ్ళీ జిరాక్స్ తీసిన ఆ కాగితంలో మెలిక ఉండవలసిన చోట మినపగింజంత నల్లటి మచ్చ ఉంది. నేను భూతద్దం పెట్టి చూసినా అది ఏ అక్షరమో తేలలేదు. కాబట్టి ఆ గుమాస్తా అబద్ధం రాశారని నేననను. కానీ ఆ పహాణీ అసలు ప్రతి అదే కార్యాలయంలో, ఆయన కుర్చీ వెనక బీరువాలోనే ఉంది. బీరువా తెరిచి చూసినా సరిపోయేది. అదీ వీలుకాకపోతే ‘బై నంబరు అ-నా, ఆ-నా?’ అని నాలుగు మాటలు ఎక్కువ రాసినా సరిపోయేది. ఆ నాలుగు మాటలు మిగుల్చుకున్నందుకు ఒక ముసలి మనిషి పద్నాలుగు నెలలు తిరిగింది.

నేను పండితుణ్ణి కాను, కానీ మాటలు రాసి బతికేవాణ్ణి కాబట్టి ఈ మాట సంగతి కొంత విచారించాను. ‘స్పష్టం’ అన్నది సంస్కృతంలో చూడటం అనే అర్థమున్న ‘స్పశ్’ ధాతువునుంచి పుట్టింది. కంటికి ఆనినది స్పష్టం. దానికి ముందు ‘అ’ చేరిస్తే నఞ్ తత్పురుష సమాసం అవుతుందని, ‘స్పష్టం కానిది’ అని విగ్రహవాక్యం రాయాలని బడిలో మనందరికీ నేర్పారు. అంటే అవ్వకు నేను చెప్పిన ‘కనబడుతలేదు’ అన్న అర్థం నా సొంత కల్పన కాదు, మాట పుట్టుకలోనే ఉన్నది. ఇక కనబడటం లేదని ఎవరైనా అనగానే మూడు ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి: కనబడనిది ఏది, కనబడనిది ఎవరికి, కనబడకపోవడం ఎందువల్ల? వస్తువు మరీ చిన్నదై ఉండవచ్చు, వెలుతురు చాలకపోవచ్చు, లేదా చూడవలసినవారు అటువైపు చూడకపోయి ఉండవచ్చు. ఈ మూడో స్థితికి తెలుగులో వేరే మాటలున్నాయి, వాటిని ఇక్కడ రాయడం మర్యాద కాదు.

మీ కార్యాలయాల్లో ఈ ఒక్క మాట కనీసం నాలుగు మాటల పని చేస్తున్నది. అక్షరం అలుక్కుపోతే ‘అస్పష్టం’ అంటున్నారు. అది ఒక్కటే ఈ మాటకు న్యాయమైన వాడుక. జతపరచవలసిన మరణ ధ్రువీకరణ పత్రం లేకపోయినా ‘అస్పష్టం’ అంటున్నారు, నిజానికి అది అసంపూర్ణం. లేని కాగితం ఎంత వెలుతురు పెట్టినా కనబడదు. ఒక వాక్యానికి రెండు అర్థాలు వస్తున్నా ‘అస్పష్టం’ అంటున్నారు, అది సందిగ్ధం. ‘సందిగ్ధం’ అంటే మూలంలో పూత పూసినది అని అర్థం. కింద వస్తువు ఉంది, పైన పూత ఉంది, పూత తుడిస్తే ఏదో ఒకటి తేలుతుంది. ఇక చదివేవారికే తల తిరిగితే దాన్ని అయోమయం అనాలి. ‘అయస్సు’ అంటే ఇనుము, ‘అయోమయం’ అంటే ఇనుముతో చేసినది. తెలుగులోకి వచ్చి అది దిక్కుతోచని స్థితికి పేరయింది. మా బల్ల దగ్గర నిలబడే మనుషుల మొహాలు చూసినప్పుడల్లా ఇనుము సంగతే నాకు గుర్తుకొస్తుంది. కానీ అయోమయం మనిషికి కలిగేది, కాగితంలో ఉండేది కాదు. చదివినవారికి కలిగిన అయోమయాన్ని రాసినవారి అస్పష్టతగా లెక్క కట్టడం న్యాయం కాదు.

నిజం చెప్పాలంటే మా జనం నోట ‘అస్పష్టం’ అన్న మాటే రాదు. అక్షరం చెదిరితే ‘అలికినట్టున్నది’ అంటారు. కాగితం లేకపోతే ‘ఒకటి తక్కువున్నది’ అంటారు. మాట తేలకపోతే ‘అటూ ఇటూ గాకుండ ఉన్నది’ అంటారు. అసలే తెలియకపోతే ‘సమజైతలేదు’ అని ఒప్పుకుంటారు. ఏ లోపానికి ఏ మాటో వాళ్ళకు తెలుసు. ఏటా సెప్టెంబరు 9న కాళోజీ జయంతిని తెలంగాణ భాషా దినోత్సవంగా మీ కార్యాలయాల్లోనే జరుపుతున్నారు. ఆయన బతికిన ఈ ఓరుగల్లులో ఆ మర్నాడు పొద్దున దరఖాస్తుల మీద పడే మాట ఎవరి భాషో ఒక్కసారి ఆలోచించాలని నా మనవి.

తప్పు మా వైపు ఉండదని నేననను. పన్నెండేళ్ళ కింద నేనే రాసిన ఒక అర్జీలో ‘మా అన్న కొడుకు లక్ష్మయ్య భూమి దున్నుకున్నాడు’ అన్న వాక్యం ఉంది. (పేరు మార్చాను.) దున్నినవాడు లక్ష్మయ్యా, భూమి లక్ష్మయ్యదా? తెలుగులో ఫలానావాడి భూమి అనడానికి పేరు పక్కన ‘యొక్క’ చేర్చనక్కరలేదు కాబట్టి ఆ వాక్యానికి రెండు అర్థాలూ చక్కగా సరిపోతాయి. ఒక అర్థంలో లక్ష్మయ్య ముద్దాయి, ఇంకో అర్థంలో బాధితుడు. అప్పటి అధికారి దాన్ని ‘అస్పష్టం’ అని కొట్టివేయలేదు. ఆ పేరు కింద పెన్సిల్‌తో గీత గీసి, ‘ఇతను దున్నినవాడా, భూమి కలవాడా?’ అని అంచున రాసి, అర్జీదారును నా దగ్గరికే పంపారు. ‘మా అన్న కొడుకైన లక్ష్మయ్య నా భూమిని దున్నుకున్నాడు’ అని తిరగరాశాను. పది నిమిషాల్లో పని అయిపోయింది. ఆ పెన్సిల్ గీతను నేను ఇప్పటికీ మరిచిపోలేదు, ఆ తర్వాత నా అర్జీల్లో అలాంటి వాక్యం మళ్ళీ రాయలేదు. ఆ అధికారి అడిగినట్టు అడగడం ఎంత తేలికో మీకు తెలియాలనే దీన్ని ఇంత వివరంగా రాశాను.

ఇక ఈ ఒక్క మాట వల్ల మామూలు జనానికి జరుగుతున్నది ఇది.

1. తిరుగుడు. ఒక దరఖాస్తు తిరిగి వచ్చిందంటే కనీసం మూడు రోజులు పోతాయి: అది తిరిగి వచ్చిందని తెలుసుకోవడానికి ఒక రోజు, ఎందుకో కనుక్కోవడానికి ఒక రోజు, మళ్ళీ పెట్టడానికి ఒక రోజు. 2023 డిసెంబరునుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సులో టికెట్ డబ్బులు లేవు, నిజమే. కానీ పత్తి ఏరే కాలంలో ఒక రోజు మానుకుంటే ఆ కూలి ఎవరూ ఇవ్వరు. మిరప కోతల కాలంలో మానుకుంటే ఆ మేస్త్రీ మర్నాడు పిలవడు. మీసేవ రుసుము, జిరాక్సులు, నా రాతకూలి ప్రతిసారీ కొత్తగా పడతాయి. నేను రెండోసారి రాసినప్పుడు సగమే తీసుకుంటాను, మూడోసారి తీసుకోను. దానివల్ల నేను గొప్పవాణ్ణి కాలేదు గానీ, నా బల్లకు కూడా ఈ మాట వల్ల నష్టముందని చెప్పడానికి రాశాను.

2. భూమి ఉండీ లేనట్టు కావడం. పాసుపుస్తకం పేరు మారేదాకా బ్యాంకులో పంట రుణం తన పేరున పుట్టదు. రైతు భరోసా కింద ఎకరానికి పంటకాలానికి 6,000 రూపాయల లెక్కన ఆ అవ్వ రెండెకరాల పదిహేడు గుంటలకు రావలసినది 14,550 రూపాయలు. రెండు పంటకాలాలు పోతే 29,100. రైతు బీమా సంగతి ఇంకా గట్టిది. 18 నుంచి 59 ఏళ్ళ లోపు పట్టాదారు చనిపోతే కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇచ్చే ఆ పథకం 2018 ఆగస్టునుంచి ఉంది. విరాసత్ దరఖాస్తు ‘అస్పష్టం’ అని బల్లల మీద తిరుగుతున్న ఆ నెలల్లో, పేరు మారవలసిన కొడుకు ఏ కరెంటు మోటారు దగ్గరో పోతే, అతను పట్టాదారు కాడు. ఆ ఇంటికి 5 లక్షలు రావు. చావు మీ సవరణల కోసం ఆగదు.

3. దళారి. ఏది కనబడటం లేదో కాగితం మీద రాయకపోతే, అది చెప్పగలిగేవాడికి గిరాకీ పుడుతుంది. గేటు బయట టీకొట్టు దగ్గర నిలబడే ఇద్దరు ముగ్గురు మనుషులు ‘లోపల ఏమున్నదో నేను కనుక్కుంట, ఒక రెండు వేలు చూడు’ అనడం నా బల్లకు వినబడుతుంది. వాళ్ళు అమ్మేది మరేమీ కాదు, మీరు రాయకుండా వదిలేసిన ఆ నాలుగు మాటలే. మీలో ఎవరికీ అందులో వాటా ఉందని నేను అనడం లేదు. మీరు రాస్తే మాత్రం ఆ సరుకుకు ధర పడిపోతుంది.

4. జిల్లా పేరు. ఇది పూర్తిగా ప్రభుత్వం వల్ల వచ్చినది. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా ఐదు జిల్లాలయింది. 2019లో భూపాలపల్లినుంచి ములుగు విడిపోయింది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండగా, వరంగల్ రూరల్ వరంగల్‌గా మారాయి, మండలాలు కూడా అటూ ఇటూ మారాయి. పరకాల, శాయంపేట వైపు ఊళ్ళలో ఒక మనిషి పుట్టిన పత్రంలో వరంగల్ జిల్లా అని, పెళ్ళి పత్రంలో వరంగల్ రూరల్ అని, బిడ్డ సర్టిఫికెట్‌లో హనుమకొండ అని ఉంటుంది. ఆ మనిషి ఇల్లు మారలేదు, ఊరు మారలేదు, ఊరి చెరువు కూడా అక్కడే ఉంది. ఆ మూడు పత్రాలూ చూసి ‘చిరునామా అస్పష్టం’ అని రాస్తే అతను ఏ పత్రాన్ని సరిచేసుకోవాలి? మూడూ ఆయా రోజుల్లో నిజమే. పై తేదీలు రాసిన ఒక చీటీ ప్రతి గుమాస్తా బల్ల అద్దం కింద పెట్టుకుంటే ఈ రకం తిరస్కరణ ఒక్కటి కూడా జరగదు.

5. చుక్క. పాత కాగితాల్లో రెండెకరాల పదిహేడు గుంటల విస్తీర్ణాన్ని 2-17 అని గీతతో రాసేవారు, ఇప్పుడు కొన్నిచోట్ల 2.17 అని చుక్కతో వస్తున్నది. లెక్కలు చదువుకున్న పిల్లవాడు ఆ చుక్కను దశాంశ బిందువు అనుకుంటే, ఎకరానికి నలభై గుంటలు కాబట్టి, పదిహేడు గుంటలు కాస్తా ఏడు గుంటల లోపు అవుతాయి. గుంటకు 121 చదరపు గజాల లెక్కన దాదాపు 1,230 గజాల నేల ఒక చుక్క కింద మాయమవుతుంది. ఇక్కడ అస్పష్టం మీ కాగితమా, మా కాగితమా?

6. చదువురానివారు తప్పు తమదే అనుకుంటారు. అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది ఇదే. ఎర్ర సిరా చూడగానే తలవంచుకుంటారు.

ఇంతవరకు జనం కాగితాల సంగతి చెప్పాను. మీ కాగితాల సంగతి కూడా కొంత చెప్పనివ్వండి. ‘తిరస్కరించడమైనది’, ‘పంపడమైనది’, ‘నిబంధనల మేరకు పరిశీలించబడును’ అన్న వాక్యాలు మీ దగ్గరినుంచి వస్తుంటాయి. వీటిలో క్రియ ఉంది, కర్త లేడు. ఎవరు తిరస్కరించారు, ఎవరికి పంపారు, ఏ నిబంధన, ఎన్నడు పరిశీలిస్తారు? ఎటూ తేలని జవాబును మనం ‘నరో వా కుంజరో వా’ అంటాం. ధర్మరాజు ఆ రోజు ‘కుంజరః’ అన్న మాటను మెల్లగా అన్నాడు గానీ, అన్నది తానేనని అందరికీ తెలుసు. మీ జవాబుల్లో ఏనుగూ లేదు, మనిషీ లేడు, చెప్పిన ధర్మరాజూ లేడు. ఒక పేద మనిషి అర్జీలో తండ్రి పేరు పక్కన ఊరి పేరు లేకపోతే అస్పష్టమన్న కార్యాలయమే, జవాబిచ్చినవారి హోదా కూడా లేని కాగితాన్ని అతని చేతిలో పెడుతున్నది.

ఇదంతా మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే అయితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. రాజ్యాంగంలోని 350వ అధికరణం, తన బాధ తీర్చమని ఏ అధికారికైనా రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకునే హక్కు ప్రతి మనిషికీ ఇచ్చింది. అర్జీలో ‘మోకా మీద (భూమి మీద) నేనే ఉన్నాను’ అనో, ‘మా బాపు ఫౌత్ అయినాడు (చనిపోయినాడు)’ అనో ఉన్నందుకు అది అస్పష్టం కాదు. మోకా, ఫౌతి, విరాసత్ అన్నవి మీ రికార్డులనుంచే మా నోళ్ళలోకి వచ్చిన మాటలు. సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4(1)(డి) ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థ తన పాలనాపరమైన నిర్ణయాలకు కారణాలను ఆ నిర్ణయం తగిలిన వ్యక్తులకు తెలియజేయాలి. అదే చట్టంలోని సెక్షన్ 7(8), సమాచారం నిరాకరించినప్పుడు కారణం, అప్పీలు గడువు, ఎవరికి అప్పీలు చేసుకోవాలో ఆ అధికారి వివరాలు మూడూ తెలపాలంటుంది. రాయలేనివారు నోటితో అడిగితే దాన్ని రాతలో పెట్టడానికి అధికారే తోడ్పడాలని సెక్షన్ 6(1) చెబుతుంది. అంటే చట్టం దృష్టిలో నా బల్ల మీ గది లోపలే ఉండవలసినది. ఒక ఉత్తర్వు చెల్లుతుందా లేదా అన్నది అందులో రాసిన కారణాలను బట్టే తేల్చాలి తప్ప తర్వాత కొత్త కారణాలు చేర్చి దాన్ని నిలబెట్టకూడదని సుప్రీంకోర్టు 1977లో మొహిందర్ సింగ్ గిల్ కేసులో చెప్పింది. నిర్ణయానికి కారణాలు ఎందుకు రాయాలో 2010లో క్రాంతి అసోసియేట్స్ కేసులో వరుసగా చెప్పింది. ‘అస్పష్టం’ అన్నది కారణం కాదు. ఏది, ఎందుకు అని చేరిస్తేనే అది కారణం అవుతుంది.

పని ఎక్కువ, మనుషులు తక్కువ, ఒక్కొక్క దరఖాస్తుకూ వాక్యాలు రాస్తూ కూర్చుంటే సాగదని మీరు అంటారు. అది నిజమేనని ఒప్పుకుంటూనే ఒక లెక్క చెబుతాను. అవ్వ దరఖాస్తును మీరు మూడుసార్లు విప్పారు, మూడుసార్లు చూశారు, మూడుసార్లు నమోదు చేశారు, మూడుసార్లు తిప్పిపంపారు. మొదటిసారే ఒక్క నిమిషం ఎక్కువ వెచ్చించి ఉంటే మిగిలిన రెండుసార్ల పని తప్పేది.

కాబట్టి మా కోరికలు ఇవి.

1. ఏ దరఖాస్తు మీదా ‘అస్పష్టం’ అన్న మాటను ఒంటరిగా రాయవద్దు. ఆ మాట రాయక తప్పనప్పుడు ఏ పేజీలో, ఏ వరుసలో, ఏ మాట లేదా ఏ అంకె కనబడటం లేదో పక్కనే రాయండి. కంప్యూటర్‌లో అయితే ఆ గడి ఖాళీగా ఉంటే తిరస్కరణ ముందుకు కదలకుండా చేయించండి.

2. చదవడానికి వీలుకానిది, అసంపూర్ణం, సందిగ్ధం, ఈ మూడింటినీ వేరువేరుగా గుర్తించండి. మొదటిదానికి కొత్త నకలు, రెండోదానికి లేని కాగితం, మూడోదానికి ఒక్క ప్రశ్న చాలు. సంస్కృత మాటలు వద్దనుకుంటే అలికింది, తక్కువుంది, తేలలేదు అని రాసినా మాకు సంతోషమే.

3. అసలు రికార్డు మీ కార్యాలయంలోనే ఉన్నప్పుడు జిరాక్స్ సరిగా లేదన్న కారణంతో తిప్పిపంపడం పూర్తిగా మానేయాలి. బీరువా మీది.

4. సందేహం ఒక మాటతో తీరేదైతే తిరస్కరించకుండా దరఖాస్తుదారుకు ఫోన్ చేయండి, లేదా పిలవండి. నంబరు దరఖాస్తు మీదే ఉంటుంది. చాలామంది, ఆ అవ్వ లాగా, మీ వరండా బెంచీ మీదే ఉంటారు.

5. సవరించి ఇచ్చిన దరఖాస్తును కొత్తదిగా లెక్కవేసి వరుసలో చివరికి నెట్టకుండా మొదటి తేదీనే నిలపండి. రుసుము మళ్ళీ తీసుకోవద్దు.

6. జవాబు మీద రాసినవారి హోదా, గది, తేదీ ఉండాలి. ‘పంపడమైనది’ బదులు ‘పంపాను’ అని రాయండి.

7. 2016, 2019, 2021 సంవత్సరాల్లో జిల్లాల పేర్లు, హద్దులు మారిన తేదీల పట్టికను తెలుగులోనూ ఉర్దూలోనూ ప్రతి కార్యాలయం గోడ మీద పెట్టించండి. అది చూపించి మా పత్రాలను మేమే సమర్థించుకుంటాం.

ఇప్పటివరకు ఒక్క మాటతో తిప్పిపంపినవాటి సంగతి కూడా ఉంది. వాటిని మళ్ళీ తెరవడం మీకు భారమే గానీ, తిరిగి వచ్చిన కాగితం పట్టుకుని దరఖాస్తుదారు వచ్చినప్పుడైనా రసీదు వెనకవైపు ఆ ఒక్క వాక్యం రాసివ్వమని కోరుతున్నాను.

అవ్వ దరఖాస్తు నాలుగోసారి ఇచ్చాం. మండలంలో నకలు తీయించి, బై నంబరులోని ఆకారం చుట్టూ నేనే పెన్సిల్‌తో సున్న చుట్టి పెట్టాను. ఇది రాసేనాటికి కంప్యూటర్‌లో ‘పరిశీలనలో ఉన్నది’ అని వస్తున్నది. ఎవరి పరిశీలనలో ఉన్నదో తెలిపితే వచ్చే సోమవారం ఆమెను నేరుగా ఆ గదికే తీసుకువస్తాను. ఈ లేఖ ప్రతిని కూడా అదే రోజు ప్రజావాణిలో ఇస్తున్నాను. ఇందులో ఏ వాక్యమైనా అస్పష్టంగా ఉంటే, అది ఎన్నో వరుసో రాసి పంపగలరు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక అర్జీల లేఖరి,
హనుమకొండ.